పద్నాలుగో మంచం దగ్గర శ్లోకాలు

కర్నూలు,
బుధవారం, మధ్యాహ్నం.

సౌభాగ్యవతి లక్ష్మీదేవికి నీ భర్త ఓబుళేశు నిండు మనసుతో దీవించి రాసేది.

ఇక్కడ నేను, నీ తులసి కుండీ, పెరట్లో నిమ్మ మొక్క ముగ్గురం క్షేమం. ముగ్గురిలో వేళకు నీళ్లు అందుతున్నది మాత్రం తులసికే. కడపలో నువ్వు, సాహితి, అల్లుడు, నా చిన్న మహారాణి కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చూసి పొంగిపోయాను. పాపకు కింద రెండు పళ్లు వచ్చాయని రాశావే, ఆ ముక్క చదివి చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి వెళ్లి ఎదురైన నలుగురికీ చెప్పాను. అందులో ఒకాయన ఎవరో నాకు తెలియనే తెలియదు. పాపం, ఆయన కూడా సంతోషించాడు.

చేతిలో ఫోను పెట్టుకుని ఈ ఉత్తరాలేమిటని మన వీధిలో నవ్వుతున్నారు. నవ్వనీ! నియమం పెట్టింది నువ్వు. "ఫోన్లో నీ గొంతు వింటే పాప ఉలికిపడి లేస్తాండాది. నాలుగు మాటలు కాకముందే పురాణంలోకి దిగుతావు. ఉత్తరం రాయి, నచ్చని చోట పేజీ తిప్పుకుంటా" అన్నావు. నేను తల వంచాను. ఈ ఉత్తరంలో మాత్రం పేజీ తిప్పకు. చివరిదాకా చదువు.

నువ్వు నాలుగు ప్రశ్నలు అడిగావు. ఏం తింటున్నావని మొదటిది. పొద్దున ఉగ్గాని, మధ్యాహ్నం ఆసుపత్రి క్యాంటీనులో అన్నం, సాయంత్రం పక్కింటివాళ్లు పంపే జొన్నరొట్టె. నువ్వు పెట్టి వెళ్లిన చెనక్కాయల పొడి డబ్బా అడుగు కనిపిస్తోంది, అదొక్కటే విచారం. బీపీ మాత్ర వేసుకుంటున్నావా అని రెండోది. వేసుకోకపోతే మా హెడ్డు నర్సు విశ్వాసమ్మ పదిమంది ముందు నిలబెట్టి అడుగుతుంది. మర్చిపోయే ధైర్యం నాకు లేదు. మిద్దె మీద ట్యాంకు కారడం ఆగిందా అని మూడోది. ఆగింది. ఇక నాలుగోది, "ఆసుపత్రిలో నోరు అదుపులో పెట్టుకుంటాండావా?" అని. దాని దగ్గరికి వస్తాను. ముందు నాలుగు మంచి కబుర్లు చెప్పనీ.

నువ్వు కడపకు వెళ్లేనాటికి నేను ఈ ట్రస్టు ఆసుపత్రిలో ఉత్త సేవకుణ్ణి కదా. ఇప్పుడు ముప్పై నలుగురు వాలంటీర్లకు పెద్దను! ఎవరు ఏ రోజు ఏ వార్డులో ఉండాలో బోర్డు మీద రాసేది నేనే. మాకు ఆకుపచ్చ కోట్లు ఇచ్చారు. వాలంటీర్లం అంటే చాలు, రోగుల వెంట వచ్చినవాళ్లు మమ్మల్ని ఇంటింటికీ పింఛను పంచిన వెనకటి ఊరి వాలంటీర్లనుకుని పట్టుకుంటున్నారు. మొన్న ఒక ముసలామె నా కోటు అంచు పట్టుకుని, "ఏమప్పా, నా పింఛను యాడ పెట్టుకున్నావు?" అని నిలదీసింది. అది నా పని కాదు తల్లీ అంటే వినదే! చివరికి మందుల గది దాకా నడిపించి ఆమె మందులు ఇప్పించాను. "పింఛను ఇయ్యకపోయినా మనిషి మంచోడే" అని పక్కామెతో చెప్పి వెళ్లింది.

సేవ చేస్తామని వచ్చేవాళ్లకు కొదవ లేదు లక్ష్మీదేవీ. కానీ వచ్చిన ప్రతివాడికీ ఒకటే కుర్చీ కావాలి. గేటు దగ్గర, ఫ్యాను కింద, ఎంక్వైరీ కుర్చీ! చక్రాల కుర్చీ తొయ్యమంటే నడుము నొప్పి. రక్తం సీసా ల్యాబుకు తీసుకుపొమ్మంటే కళ్లు తిరుగుతాయి. శేషారెడ్డి అని ఒక ఆసామి చేరాడు. పొలాలన్నీ కొడుక్కి అప్పజెప్పి, పొద్దుపోక మా దగ్గరికి వచ్చాడు. మొదటి రోజే ఇస్త్రీ పంచెతో ఆ కుర్చీలో కూర్చుని లేవనన్నాడు.

ఆ రోజు నేను అగ్గి కురిపించాను! అందరినీ మెట్ల మీద నిలబెట్టి అడిగాను. ధర్మరాజు యాగంలో పనులు పంచుకునేటప్పుడు సాక్షాత్తు జగన్నాథుడు ఏ పని అడిగాడయ్యా? సింహాసనం పక్కన ఆసనం అడిగాడా? వచ్చినవాళ్ల కాళ్లు కడిగే పని అడిగాడు! తిన్న విస్తళ్లు ఎత్తే పని అడిగాడు! ఎంగిలాకులు ఎత్తిన చేతులు ఆయనవి. చక్రాల కుర్చీ పట్టడానికి నామోషీ పడే చేతులు ఎవరివి రెడ్డీ?

"సాలు సాలు ఓబుళేశప్పా, తోస్తాలే" అని లేచాడు శేషారెడ్డి. "ముందు ఆ కేకలాపు. లోపల మత్తిచ్చి పండబెట్టినోళ్లు గూడా లేస్తారు."

అప్పటి నుంచి తోస్తున్నాడు. ట్రాక్టరు తోలినట్టు తోస్తాడు. నిన్నగాక మొన్న ఒక ముసలాయన కుర్చీ రెండు చేతులా పట్టుకుని, "రెడ్డీ, నిదానంగా పోనీ సామీ. నేను చెనక్కాయల మూట కాదు" అని మొత్తుకున్నాడు. అయినా ఆ ముసలాయనే మరుసటి రోజు స్కానింగుకు పోయేటప్పుడు రెడ్డే రావాలని పట్టుబట్టాడు. నా ప్రవచనాలు ముప్పై ఏళ్లుగా భజన మందిరాల్లో ఎందరో విన్నారు. విని లేచి పనిలోకి దిగినవాడు శేషారెడ్డి ఒక్కడే. నాకెంత గర్వమో చెప్పలేను.

వాలంటీర్లకు మూడు కట్టడులున్నాయి. రోగికి మా తిండి పెట్టకూడదు. మందుల గురించి, జబ్బు గురించి మాట్లాడకూడదు. వార్డులో దేవుడి గురించి గానీ రాజకీయం గురించి గానీ నోరెత్తకూడదు. మూడూ విశ్వాసమ్మ పెట్టినవే, గోడ మీద రాసింది మాత్రం నేనే. మూడోదాని దగ్గర నా కుంచె ఆగిపోయింది. దేవుడి పేరెత్తకుండా సేవేమిటని వాదానికి దిగాను. ఆమె ఇంజక్షను సూది సర్దుతూనే జవాబు చెప్పింది.

"నాకూ గ్రంథం ఉండాదప్పా. పొద్దున ప్రార్థన చేసుకోని, బ్యాగులో పెట్టుకోని వస్తా. డ్యూటీలో తియ్యను. నీది బ్యాగులో లేదు, నోట్లో ఉండాది. నువ్వు నోరు మూసుకుంటే సరిపోతాది."

రాశాను. మూడు కట్టడులనూ కొత్తవాళ్లందరిచేత గట్టిగా చెప్పించాను. చక్కెర జబ్బు ఆయనకు వడలు పెట్టిన ఒక వాలంటీరును అందరి ముందు చీల్చి చెండాడాను. ఆ చీల్చిన మనిషే మూడో కట్టడి తప్పాడు. నీ నాలుగో ప్రశ్నకు జవాబు ఇదే లక్ష్మీదేవీ. నోరు అదుపులో లేదు. దానివల్ల ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆడవాళ్ల వార్డులో పద్నాలుగో మంచం మీద చౌడమ్మ అని ఒకామె ఉంది. కోడుమూరు అవతల పల్లె, మన మగ్గాలవాళ్లే. నీకన్నా పదేళ్లు చిన్నది. గర్భసంచిలో గడ్డ. రక్తం పోయి పోయి మొహం తెల్లకాగితంలా ఉండేది. రెండు వారాలు రక్తం ఎక్కించి ఆపరేషనుకు నిలబెట్టారు. హైదరాబాదు నుంచి పెద్ద సర్జను నెలకొక్కసారి వస్తాడు, గురువారం వచ్చి శుక్రవారం మధ్యాహ్నం వెళ్లిపోతాడు. ఈసారి తప్పితే ఇంకో నెల ఆగే శక్తి ఆమె ఒంట్లో లేదని డాక్టరమ్మ చెప్పింది.

పోయిన బుధవారం సాయంత్రం నేను ఆ వార్డులో దుప్పట్లు పంచుతుంటే చౌడమ్మ నా చెయ్యి పట్టుకుంది. "అన్నా, రేపు నాకేం గాదు గదా?" అంది.

అంతే! నా లోపల గంట మోగినట్టయింది. బడి ముఖం మూడో తరగతి దాకే చూసిన నేను, మగ్గం గుంటలో కూర్చుని, పక్కన గ్రంథం తెరిచి పెట్టుకుని, నాడె అటూ ఇటూ పరుగెత్తే సందులో ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని నేర్చిన విద్య ఎవరికోసం? ఇలా అడిగినవాళ్ల కోసం కాదా? గోడ మీద నా చేతిరాత ఎదురుగానే ఉంది. చూశాను కూడా. ఆ కట్టడి నావంటి వాడికి కాదులే అనుకున్నాను. స్టూలు లాక్కుని, కళ్లు మూసుకుని, రణరంగంలో పరమాత్మ చెప్పిన శ్లోకాలు ఎత్తుకున్నాను. దేహం చిరిగిన బట్ట అన్నాను. పాతది విడిచి కొత్తది కట్టుకోవడానికి ఏడుపెందుకన్నాను. పుట్టినవాడికి చావు తప్పదన్నాను. నేసేవాళ్లకు బట్ట మాట చెబితే ఇట్టే ఎక్కుతుందని నా లెక్క. శ్లోకం, తాత్పర్యం, మళ్లీ శ్లోకం. ఎంత సేపు పాడానో నాకే తెలియదు.

కళ్లు తెరిచేసరికి వార్డంతా నా వైపే చూస్తోంది. ఎదురు మంచం ముసలామె కన్నీళ్లు పెట్టుకుంటోంది. పక్క వార్డు నుంచి ఎవరో వచ్చి గుమ్మం అవతల మసక చీకట్లో చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. చౌడమ్మ గోడ వైపుకు తిరిగి పడుకుని ఉంది. ఎంత భక్తి, ఎంత ఏకాగ్రత అనుకున్నాను. ఇంటికి వచ్చి హాయిగా నిద్రపోయాను.

గురువారం పొద్దున వెళ్తే పద్నాలుగో మంచం ఖాళీ. చౌడమ్మ, ఆమె మొగుడు మారెన్న సంచీ సర్దుకుని తెల్లవారే బస్సెక్కి వెళ్లిపోయారు.

విశ్వాసమ్మ మమ్మల్నందర్నీ పిలిచింది. "నిన్న మధ్యాహ్నం దాకా బాగుండె ఆయమ్మ. ఎవరో ఏదో చెప్పి బెదరగొట్టినారు. ఎవరో తేల్చండి" అంది. నేను ఒక్క ఉదుటున ముందుకు వచ్చాను. "నాకు వదిలెయ్యి సిస్టర్! వాడెవడో సాయంత్రంలోగా నీ ముందు నిలబెడతా!" అన్నాను. ప్రమాణం చేసినట్టే చెప్తున్నాను, అప్పటికి నాకు నిజంగా తెలియదు. ఇద్దరు కాలేజీ పిల్లల్ని గద్దించాను. వడల మనిషిని మళ్లీ ఒకసారి గద్దించాను. చివరికి శేషారెడ్డిని మందుల గది వెనక్కి పిలిచి నిలదీశాను.

రెడ్డి నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "ఓబుళేశప్పా, నువ్వేమన్నా ఎగతాళి చేస్తాండావా?"

"ఎగతాళేంది?"

"నిన్న సాయంత్రం ఆయమ్మ పక్కన కూర్చోని సావు శ్లోకాలు పాడింది నువ్వు గాదా? నేను పక్క వార్డులో ఉండా. ఎవరో పోయినారనుకోని చెప్పులిడిసి వచ్చి నిలబడింది నేనే గదప్పా! శవం బండికి మైకు కట్టి వేసేది అవే గదా? దినాల ఇంట్లో పొద్దుగూకులు మోగేది అవే గదా? రేపు కోస్తారనంగా చెవిలో అవి పాడితే ఆయమ్మ ఏమనుకుంటాది? డాక్టర్లకు తెల్సిపోయింది, అందుకే ఈయప్పను పంపినారు అనుకుంటాది."

లక్ష్మీదేవీ, మన సీమలో ఏ పల్లెలోనైనా ఆ శ్లోకాలు వినపడగానే జనం అడిగే మొదటి మాట "ఎవరు పోయినారు?" అని కదా! ముప్పై ఏళ్లుగా చావు ఇళ్లలో వాటిని పాడి వచ్చినవాణ్ణి నాకే ఆ సంగతి తట్టలేదు. మూర్ఛపోయిన తమ్ముడి కోసం ఒక్క ఆకు తెమ్మంటే గుర్తుపట్టలేక కొండంతా పెకలించి తెచ్చాడు ఆంజనేయస్వామి. ఆ స్వామి కొండను జాగ్రత్తగా పక్కన దించాడు. నేను ఒక్క ఆకు అడిగిన మనిషి నెత్తిన కొండ పడేశాను.

ఇక్కడ ఇంకో సిగ్గుమాలిన సంగతి. నా నోట వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా? "రెడ్డీ, సిస్టరుకు చెప్పొద్దు" అన్నాను. రెడ్డి మీసం దువ్వుకుని, "చెప్పను. ఎంక్వైరీ కుర్చీ నాకిస్తావా?" అన్నాడు. ఇద్దామా అని ఒక నిమిషం ఆలోచించాను కూడా. అప్పుడు ఖాళీ మంచం, దాని మీద మడత పెట్టి పోయిన దుప్పటి కళ్లముందు మెదిలాయి. పరుగెత్తుకుంటూ వెళ్లి విశ్వాసమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. "వాణ్ణి పట్టుకున్నా సిస్టర్. నేనే" అన్నాను.

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. గడియారం చూసింది. సర్జనుకు ఫోను చేసి, శుక్రవారం పొద్దున ఎనిమిదికి సమయం అడిగి పెట్టుకుంది. "రెడ్డన్నా, నీ జీపు తియ్యి. నువ్వూ ఎక్కు ఓబుళేశప్పా. ఆ ఇంటికాడ నోరు తెరిచినావంటే ఆడనే వదిలేసి వస్తా" అంది.

కోడుమూరు దాటేదాకా జీపులో నేను మాట్లాడలేదు. నమ్మవు కదూ? రెడ్డి కూడా నమ్మలేక రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

వాళ్ల ఇల్లు పట్టుకుని లోపలికి తొంగి చూస్తే చౌడమ్మ మగ్గం గుంటలో కూర్చుని నేస్తోంది! ఆ ఒంటితో! పోయేలోపల చీర దించి పోదామని పట్టుదల. తలెత్తి నన్ను చూసింది. చేతిలో నాడె జారిపోయింది. "ఏమయ్యో! వచ్చినాడయ్యో! ఇంటికే వచ్చినాడు!" అని కేక పెట్టింది. యమధర్మరాజు దున్నపోతు దిగి గడపలో నిలబడినట్టుంది ఆమెకు. మారెన్న పెరట్లోంచి పరుగున వచ్చి రెండు చేతులూ చాచి నాకు అడ్డం నిలబడ్డాడు.

"పో అప్పా, పో. మా యామె ఇంకా ఉండాది" అన్నాడు.

ఇరుగుపొరుగు చేరారు. ఎవరు పోయారని ఇద్దరు ఆడవాళ్లు అప్పుడే కళ్లొత్తుకుంటున్నారు. విశ్వాసమ్మ గుంట అంచున కూర్చుని, గడ్డ ఎంత ఉందో, తీసేస్తే ఎలా కోలుకుంటుందో ఓపిగ్గా చెప్పింది. చౌడమ్మ విన్నది, తల అడ్డంగా ఊపింది. "మీరు ధైర్యానికి చెప్తారమ్మా. నిజం ఆయప్ప నోట్లోంచి వచ్చె గదా. ఊరికే పాడతారా ఎవరన్నా?"

విశ్వాసమ్మ నా వైపు తిరిగింది. "ఇప్పుడు తెరువు నోరు" అంది.

లక్ష్మీదేవీ, నాకు ఒక్క శ్లోకం గుర్తుకు రాలేదు. గాలికి గ్రంథం పేజీలన్నీ ఎగిరిపోయినట్టయింది. గుంట పక్కన నేల మీద చతికిలబడ్డాను. "నన్నెవరూ పంపలేదు చెల్లెలా. నీ జబ్బు సంగతి నాకేం తెల్దు. నాకు తెలిసింది అవే, యాడ సందు దొరికితే ఆడ పాడతా. పెండ్లిండ్లలో పాడినా. కొత్తింట్లో పాలు పొంగించేకాడ పాడినా. నా మనవరాలికి పేరు పెట్టిన రోజు ఉయ్యాల తొట్టి కాడ నిలబడి అవే పాడినా. నా పెండ్లాము నన్ను చేటతో కొట్టినంత పని చేసింది" అన్నాను.

చౌడమ్మ కళ్లు పెద్దవి చేసి చూసింది. "తొట్టి కాడనా? పసిబిడ్డకా? ఈ సావు పాటా?"

"ఔ."

మారెన్న చాచిన చేతులు కొంచెం కిందికి దిగాయి. "ఆ బిడ్డ బాగుండాదా అప్పా?" అన్నాడు అనుమానంగా.

"బంగారట్లుండాది. మొన్ననే రెండు పండ్లు వచ్చినాయి!"

అంతే, చౌడమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగుతుంటే ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది! ఆమెను చూసి మారెన్న, వాళ్లను చూసి కన్నీళ్లు తుడుచుకుంటున్న ఆ ఇద్దరు ఆడవాళ్లు, ఇంటి నిండా నవ్వే. విశ్వాసమ్మ అయితే మగ్గం కర్ర పట్టుకుని వంగిపోయింది. నా మనవరాలి రెండు పళ్లు ఒక నిండు ప్రాణాన్ని జీపెక్కించాయని పాప పెద్దయ్యాక చెప్పు.

ఎక్కే ముందు చౌడమ్మ ఒక షరతు పెట్టింది. "లోపలికి తీసుకపొయ్యేటప్పుడు నా మంచం ఈయప్పే తొయ్యాల. తలుపు దాకా నోరు తెరవగూడదు. తెరిచినాడంటే దిగి వచ్చేస్తా." శేషారెడ్డి స్టీరింగు మీద చెయ్యేసి, "అమ్మా, ఆపరేషను నీకా ఆయప్పకా?" అన్నాడు.

శుక్రవారం పొద్దున తోశాను. ఒక పక్క విశ్వాసమ్మ, వెనక మారెన్న. పొడుగాటి వరండా, పళ్లు బిగించుకుని ఉన్నాను. సగం దూరం వచ్చేసరికి చౌడమ్మ రెండు చేతులా మంచం కమ్మి గట్టిగా పట్టుకోవడం చూశాను. "అన్నా" అంది మెల్లగా. "ఏమన్నా మాట్లాడు. నువ్వు గమ్మునుంటే ఇంకా భయమైతాండాది."

విశ్వాసమ్మ వైపు చూశాను. సరేనన్నట్టు తల ఊపింది. ఏం మాట్లాడాలి? నా దగ్గర ఉన్నవన్నీ పెద్ద మాటలే. చిన్న మాట ఒక్కటీ లేదు. వెతికి వెతికి, "మగ్గం మీద చీర ఎంత దాకా వచ్చింది?" అన్నాను.

"ఇంక కొంగే ఉండాది."

"ఏం రంగు?"

"ఒళ్లు నెమిలి కంఠం, అంచు కుంకుమ. కొంగులో రుద్రాక్ష పువ్వు పెడ్తాండా. మా ఆయనకు అప్పజెప్తే పువ్వులన్నీ వంకరే."

"ఈ టయానగూడా నన్ను తిడ్తాండావేమే?" అన్నాడు వెనక నుంచి మారెన్న.

"తిట్టక? నేను వచ్చేదాంక మగ్గం ముట్టగాకు." అంటూనే తలుపు లోపలికి వెళ్లిపోయింది. ఆ చెయ్యి అప్పుడు కమ్మి వదిలేసి మారెన్నకు వేలు చూపిస్తోంది.

బయట బెంచీ మీద నేనూ మారెన్నా పక్కపక్కన కూర్చున్నాం. శేషారెడ్డి టీలు తెచ్చి ఇచ్చి, తన చక్రాల కుర్చీ కోసం వెళ్లాడు. చాలాసేపటికి మారెన్న అడిగాడు. "మీ యామెకు ఎప్పుడన్నా ఇట్ల ఆపరేషను అయ్యిందా అప్పా?"

అయ్యింది అన్నాను.

నాలుగు రోజులుగా ఈ ఉత్తరం రాయలేకపోయింది చౌడమ్మ సంగతి వల్ల కాదు లక్ష్మీదేవీ. ఈ సంగతి వల్ల. సాహితి పదో తరగతి చదివే ఏడు నంద్యాలలో నీకు ఆపరేషను చేశారు. ముందు రోజు సాయంత్రం నీ మంచం పక్కన నిలబడి, కళ్లు మూసుకుని, అవే శ్లోకాలు నీకూ పాడాను. చావు తప్పదన్నాను. బట్ట విడవడమే అన్నాను. కళ్లు తెరిచేసరికి నువ్వు గోడ వైపుకు తిరిగి పడుకుని ఉన్నావు. నీ పదిహేనేళ్ల కూతురు గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. ఆ చూపు కూడా నాకు అర్థం కాలేదు. అక్కడితో ఆగానా? ఆ తర్వాత ఎన్ని ఊళ్లలో, ఎన్ని వేదికల మీద చెప్పానో! "నా భార్య కత్తి కిందికి పోయే ముందు శ్లోకాలు విని ఎంత నిబ్బరంగా పడుకుందో చూడండి" అని చెయ్యెత్తి అరిచాను. జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కూర్చుని నువ్వు కూడా విన్నావు. ఇంటికి వచ్చి నాకు అన్నం పెట్టావు.

గోడ వైపు తిరిగిన నీ వీపును నేను ఇన్నేళ్లు భక్తి అనుకున్నాను. చౌడమ్మ మంచం ఖాళీ అయితే గానీ అది భయమని నాకు తెలియలేదు. ఆమెకు బస్సెక్కి పారిపోయే వీలుంది. నీకు అదీ లేదు, ఎక్కడికి పోతావు? నీ మొగుణ్ణి నేనే కదా! మన్నించమని రాయడానికి చెయ్యి రావడం లేదు, ఆ మాట నా తప్పుకు చాలదు. అయినా రాస్తున్నాను. మన్నించు.

ఆ రోజు మారెన్నకు ఇవేవీ చెప్పలేదు. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. మూడు గంటల తర్వాత తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ మాస్కు దించి నవ్వింది. గడ్డ పూర్తిగా తీసేశారు, ప్రమాదం దాటింది. మారెన్న నన్ను వాటేసుకుని ఊపేశాడు, నా కళ్లద్దాలు కింద పడ్డాయి. నేను ఏదో గట్టిగా అరిచి ఉంటాను, విశ్వాసమ్మ వేలు పెదవుల మీద పెట్టుకుని నా వైపు వచ్చింది. దగ్గరికి వచ్చాక చూస్తే ఆమె కళ్లలోనూ నీళ్లే. నిన్నటి నుంచి చౌడమ్మ వార్డులో నడుస్తోంది. నన్ను చూస్తే పక్క మంచాలవాళ్లకు తొట్టి సంగతి చెప్పి నవ్విస్తోంది. పద్నాలుగో మంచం చుట్టూ ఇప్పుడు నవ్వులే.

నన్ను పెద్దరికం నుంచి తప్పించమని నేనే అడిగాను. విశ్వాసమ్మ ఒప్పుకోలేదు. "తప్పు చేసినోడికే కట్టడి విలువ తెల్సేది. ఉండు. పొద్దున ఒక్క గంట మాత్రం మంచాలు తొయ్యి" అంది. తోస్తున్నాను. ప్రతి మంచం దగ్గరా ఒక చిన్న మాట వెతుక్కుంటున్నాను. మీ ఊళ్లో వానెట్లుంది, బర్రె ఈనిందా, ఈ గాజులు ఎక్కడ కొన్నావు. ఇవన్నీ కొత్తగా నేర్చుకుంటున్నాను. అక్షరాలు నేర్చినప్పటికన్నా కష్టంగా ఉంది, అప్పటికన్నా ఆనందంగా ఉంది.

ఆదివారం నాకు డ్యూటీ లేదు. పొద్దున కడప బస్సెక్కుతాను. రాగానే పాపను ఎత్తుకుంటాను, గొంతు తగ్గించే మాట్లాడతాను. సాహితి ఇంట్లో ఉంటే ఆమె కూడా కూర్చోనీ. నంద్యాలలో ఆ సాయంత్రం మంచం మీద పడుకుని నా నోట ఏ మాట వినాలనుకున్నావో నాకు చెప్పు. ఒక్క మాటో, పది మాటలో, లేక ఏమీ మాట్లాడకుండా పక్కన కూర్చుంటే చాలనుకున్నావో. ఈసారి కళ్లు తెరుచుకుని వింటాను.

ఇట్లు,
నీ ఇంటాయన
ఓబుళేశు